వివాహశాసనములు – ప్రభుత్వ న్యాయవాదులు

ఇటీవలి సంవత్సరములలో వివాహమునకు సంబంధించిన శాసనములు వరుసగా సుప్రీంకోర్టు మెట్లెక్కినవి. 2017లో ముమ్మారు తలాఖు విషయము, ఆ యేటనే పదునెనిమిదేండ్లు నిండని భార్య విషయము, 2018లో వ్యభిచారమును నేరముగ నెన్నిన 497వ సెక్షను, 2023లో ఒకే లింగమునకు చెందిన యిరువురి వివాహము, 2024లో భార్యపై భర్త చేయు బలాత్కారము – ఇవి యన్నియు ధర్మాసనము నెదుటికి వచ్చినవే. వ్యాజ్యము వ్యాజ్యమునకు వాదులు మారిరి, న్యాయమూర్తులు మారిరి. ప్రభుత్వ న్యాయవాదిని పిలుచుట మాత్రము మారలేదు. పిలిచినపు డతడేమి చెప్పవలెను? శాసనము తనకు గాని తన్ను నియమించిన మంత్రివర్గమునకు గాని నచ్చకపోయినను దానిని సమర్థింపవలెనా? లేక నోరు మూసికొని కూర్చుండవచ్చునా? ఇది న్యాయవాదులు తమలో తాము ముచ్చటించుకొని విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. పెండ్లి జరుగని యిల్లు లేదు; కావున ఈ ప్రశ్న తగులని గడపయు లేదు.

ఈ విషయమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. అన్యాయమని తోచిన శాసనమును సమర్థించుటకు ప్రజల ధనమును వ్యయపెట్టుట పాపమనియు, అంతరాత్మ కల న్యాయవాది అట్టిచోట చేతులు కట్టుకొని యూరకుండవలెననియు కొందఱందురు. వకీలనువాడు కూలికి వచ్చినవాడు, యజమాని చెప్పిన దెల్ల చెప్పుటయే వాని పని, మంచిచెడ్డలతో వానికి నిమిత్తము లేదని మఱికొందఱందురు. ఈ రెండును మాకు సమ్మతములు కావు. ప్రభుత్వ న్యాయవాది సామాన్యముగ శాసనమును సమర్థింపవలసినవాడే యనియు, అట్లు సమర్థింపజాలనప్పుడు ఆ మాట బాహాటముగ చెప్పి, శాసనపక్షమున వాదించుటకు వేఱొకరికి చోటు కల్పింపవలెననియు, మౌనమును కాలయాపనయు మాత్రము ఎన్నటికిని తగవనియు మా యభిప్రాయము.

మా పాఠకులలో భూవసతి గలవారికి ఒక సంగతి చెప్పనక్కరలేదు. వ్యాజ్యము దాఖలై నోటీసు వచ్చిన పిమ్మట ప్రతివాది హాజరు కానిచో జరుగునది ఏకపక్షపు డిక్రీ. ఒక దేవస్థానపు మాన్యముమీద ఎవరో దావా వేసిరనుకొందము. ధర్మకర్తకు ఆ మాన్యము దేవునికి చెందుట మనసున నిష్టము లేదు. అతడు వాయిదానాడు కోర్టుకు పోక యింట కూర్చుండెను. భూమి పోయెను. అప్పుడు గ్రామస్థులు, “అతని యంతరాత్మ గొప్పది” అని మెచ్చుకొందురా? “నీది కాని యాస్తిని పోగొట్టుటకు నీకెవ డధికార మిచ్చె” నని నిలదీయుదురు గదా! శాసనము పార్లమెంటు చేసినది. మంత్రి సొత్తు కాదు, అతని వకీలు సొత్తు అంతకంటె కాదు. పార్లమెంటు రెండు సభలలో చర్చించి, రాష్ట్రపతి సమ్మతి పొంది చేసిన దానిని ఒక న్యాయవాది వాయిదానాటి మౌనముతో మాపివేయుట, ధర్మకర్త దేవుని మాన్యమును పోగొట్టుటవంటిదే.

రాజ్యాంగము 76వ అధికరణమున కేంద్రమునకు అటార్నీ జనరలును, 165వ అధికరణమున రాష్ట్రములకు అడ్వకేటు జనరలును ఏర్పఱచినది. ప్రభుత్వమునకు న్యాయవిషయములందు సలహా యిచ్చుట వీరి విధులలో మొదటిది. 1950లో శ్రీ మోతీలాల్ సెతల్వాడుగారు మొదటి అటార్నీ జనరలైన నాటినుండియు ఈ పదవికి గౌరవము వచ్చినది ప్రభుత్వము మెప్పు వలన కాదు. కోర్టు నమ్మకము వలన. శాసనము చెల్లునదే యని మొదట తలచవలెననియు, చెల్లదని రుజువు చేయు భారము ఆక్షేపించినవానిదే యనియు మన న్యాయస్థానములు పలుమార్లు చెప్పియున్నవి. మగడు పెండ్లాముల నడుమ జరుగు సొంత తగవులో సయితము రాజ్యాంగప్రశ్న పుట్టినచో అటార్నీ జనరలునకో అడ్వకేటు జనరలునకో నోటీసు పంపవలెనని సివిలు ప్రొసీజరు కోడులోని 27-ఏ ఆర్డరు చెప్పుచున్నది. ఆ ఆర్డరు 1942లో చేర్చబడినది. ప్రభుత్వము మాట వినక శాసనమును త్రోసివేయరాదనుట దాని భావము. మాట వినుటకు పిలిచినపుడు మాటాడకుండుట ఆ భావమును వమ్ము చేయుటయే.

సంస్కరణమును కోరువారు ఈ విధిని మఱింత గట్టిగ పట్టుకొనవలసియున్నది. ఏలయన సంస్కారశాసనములు పుట్టినప్పుడు వానిని మెచ్చినవారికంటె దూషించినవారే యెక్కువ. 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించినపుడు, ఆ దంపతుల వివాహమునకు చట్టబలము నిచ్చినది 1856 నాటి శాసనము. ఊరు వెలివేసినను ఆ శాసనము వెలివేయలేదు. 1946లో బొంబాయి రాష్ట్రమును, 1949లో మన మద్రాసు రాష్ట్రమును హిందువులలో బహుభార్యాత్వమును నిషేధించినవి. ఆనాడు సర్కారు, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనివే కావున ఆ శాసనము మన యిండ్లకును వర్తించెను. రాజ్యాంగము వచ్చినంతనే ఈ రెండు శాసనములును మతస్వాతంత్ర్యమునకును సమానత్వమునకును విరుద్ధములని ఆక్షేపణకు గురియైనవి. బొంబాయి, మద్రాసు హైకోర్టులు వానిని నిలిపినవి. ప్రభుత్వము నచ్చని శాసనమును విడిచిపెట్టవచ్చునను ఆచారమే నాడుండినచో, సంస్కరణమునకు వెఱచిన మంత్రివర్గ మేదైనను ఆ శాసనములను ఊపిరాడక చావనిచ్చియుండెడిది. నేడు మనకు నచ్చని శాసనము పడిపోవుటకు తెఱచిన తలుపు, రేపు మనకు ప్రియమైన శాసనము పడిపోవుటకును తెఱచియే యుండును.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. అది బలమైనది కూడను. ప్రభుత్వ న్యాయవాది మంత్రికి మాత్రమే కాక రాజ్యాంగమునకును బద్ధుడు. ప్రాథమికహక్కులకు విరుద్ధమగు శాసనము చెల్లదని 13వ అధికరణమే చెప్పుచుండగా, చెల్లదని తాను నమ్మిన దానిని చెల్లునని వాదించుట కోర్టును మోసగించుట కాదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు అమెరికా దేశపు అనుభవము మనకు తోడ్పడును. ఒకే విషయమున, ఇంచుమించు ఒకే కాలమున, అచ్చట రెండు ప్రభుత్వములు రెండు విధముల నడచినవి.

వివాహమనగా ఒక పురుషునకును ఒక స్త్రీకిని నడుమ జరుగునది మాత్రమే యని అమెరికా కాంగ్రెసు 1996లో ఒక శాసనము చేసెను. ఎడిత్ విండ్సరు అను వృద్ధ స్త్రీ, తాను వివాహమాడిన స్త్రీ 2009లో మరణింపగా, ఆమె వదలిపోయిన యాస్తిపై 3,63,053 డాలర్ల పన్ను కట్టవలసివచ్చెను. భర్త పోయిన భార్యయైనచో ఆ పన్ను లేదు. ఆమె దావా వేసెను. 2011 ఫిబ్రవరి 23వ తేదీన అటార్నీ జనరలు ఎరిక్ హోల్డరు కాంగ్రెసు సభాపతికి లేఖ వ్రాసి, ఈ శాసనభాగము రాజ్యాంగవిరుద్ధమని అధ్యక్షుడును తానును తలచుచున్నామనియు, ఇక సమర్థింపబోమనియు తెలియజేసెను. అంతటితో ఊరకుండలేదు. తీర్పు వచ్చువఱకు శాసనమును అమలు జరుపుచునే యుందుమనియు, కాంగ్రెసు తన పక్షమున వాదింపదలచినచో దానికి అవకాశము కల్పింతుమనియు ఆ లేఖయందే చెప్పెను. ప్రతినిధిసభ పేరుగన్న న్యాయవాదిని నియమించి వాదింపజేసెను. 2013 జూన్ 26వ తేదీన సుప్రీంకోర్టు ఇరుపక్షముల వాదము విని, అయిదుగురు నలుగురుగ చీలి, ఆ భాగమును కొట్టివేసెను. ఓడినవారికి బాధ కలిగియుండవచ్చును. తమ మాట వినబడలేదను మాట మాత్రము అనజాలరు.

కాలిఫోర్నియా రాష్ట్రమున వేఱొకటి జరిగెను. 2008లో ఆ రాష్ట్రపు ఓటర్లు, సుమారు 70 లక్షల మంది సమ్మతితో, అట్టి నియమమునే తమ రాష్ట్రపు రాజ్యాంగమున చేర్చుకొనిరి. అది కోర్టున ఆక్షేపింపబడినపుడు గవర్నరు గాని అటార్నీ జనరలు గాని దానిని సమర్థింపలేదు. క్రింది కోర్టున ఓడిన పిమ్మట అప్పీలు చేయలేదు. ప్రతిపాదించిన పౌరులు తామే పైకోర్టులకు పోయిరి. కాని అదే 2013 జూన్ 26వ తేదీన సుప్రీంకోర్టు, ఆ పౌరులకు అప్పీలు చేయు నర్హత లేదని త్రోసివేసెను. ఒక్క న్యాయమూర్తి చెప్పిన తీర్పే నిలిచెను. ఫలితము రెండుచోట్ల నొక్కటే: వివాహము కోరినవారికి వివాహము దొరకెను. అయినను మొదటిచోట ప్రశ్నకు సమాధానము వచ్చినది. రెండవచోట ప్రశ్న అడుగకముందే సభ ముగిసినది. లక్షల మంది ఓటర్ల మాట తప్పైనచో తప్పని చెప్పించుకొను హక్కు వారికి కలదు. ఫలితము నచ్చినంతమాత్రమున పద్ధతిని మెచ్చుకొనరాదు.

మన దేశమున ప్రభుత్వపు నడవడి ఎట్లున్నది? ముమ్మారు తలాఖు వ్యాజ్యమున కేంద్రప్రభుత్వము 2016 అక్టోబరులోనే ప్రమాణపత్రము దాఖలు చేసి, ఆ యాచారమును తాము సమర్థింపమని స్పష్టముగ చెప్పెను. ముస్లిం పర్సనల్ లా బోర్డు తన న్యాయవాదులతో ఎదుటిపక్షమును వాదించెను. 2017 ఆగస్టు 22వ తేదీన తీర్పు మువ్వురు ఇరువురుగ వచ్చెను. తీర్పును గూర్చి ఎవరి యభిప్రాయ మేమైనను, ప్రభుత్వ మెచ్చట నిలిచినదో ఎల్లరకును తెలిసినది. ఎదుటివారి మాటయు వినబడినది. ఈ పద్ధతిని మేము తప్పు పట్టము.

తప్పు పట్టవలసినది వేఱు. వివాహశాసనము కాకపోయినను దానికి దగ్గఱి చుట్టమైన 377వ సెక్షను వ్యాజ్యమున, ఢిల్లీ హైకోర్టులో హోము శాఖ ఒక మాటయు, ఆరోగ్య శాఖ దానికి విరుద్ధమగు మాటయు ప్రమాణపూర్వకముగ చెప్పినవి. ఒకే ప్రభుత్వమునకు రెండు నాలుకలు! 2012లో సుప్రీంకోర్టున ప్రభుత్వ న్యాయవాది ఆ సెక్షనును సమర్థించి వాదించిన దినముననే హోము శాఖ అది తమ మాట కాదని ప్రకటించుకొనెను. 2018లో, ఏకాంతమున వయోజనులు పరస్పరసమ్మతితో చేయు పనిని గూర్చి ప్రభుత్వము ఏమియు చెప్పక, కోర్టువారి వివేకమునకే విడిచిపెట్టుచున్నామనెను. ప్రభుత్వము తన యభిప్రాయమును తేటతెల్లముగ చెప్పియుండిన బాగుండెడిదని న్యాయమూర్తి చంద్రచూడుగారు తమ తీర్పులో వ్రాసిరి. మర్యాదగ వ్రాసిరి గాని, ఆ మాటలో మందలింపు లేకపోలేదు. పాము చావవలెను, కఱ్ఱ విరుగవలదు; సెక్షను పోవలెను, పోగొట్టిన యపకీర్తి న్యాయమూర్తులకు రావలెను. ఇట్టి యుపాయమునకు వినయమని పేరు పెట్టుట తగదు.

భార్యపై భర్త చేయు బలాత్కారమును నేరమునుండి మినహాయించిన నియమము విషయము ఇంకను శోచనీయము. ఆ మినహాయింపును తీసివేయవలెనని 2013 జనవరిలో జస్టిసు వర్మ సంఘము సిఫారసు చేసెను. పార్లమెంటు ఆ మాట పాటింపలేదు. 2017లో ఢిల్లీ హైకోర్టున కేంద్రము, మినహాయింపు పోయినచో వివాహవ్యవస్థ చలించుననియు, భర్తలను వేధించుటకు సాధనమగుననియు చెప్పెను. 2022లో మరల ఆలోచింపవలెను, రాష్ట్రములను సంప్రదింపవలెను, గడువు కావలెననెను. కోర్టు గడువీయక వాదములు ముగించి, ఆ యేటి మే 11వ తేదీన తీర్పు చెప్పెను. ఇరువురు న్యాయమూర్తులు రెండు త్రోవలు పట్టిరి. 2023లో శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహితను చేసినపుడు పార్లమెంటు భార్య వయసును పదునెనిమిదికి పెంచి, మినహాయింపును 63వ సెక్షనున నిలుపుకొనెను. 2024 జూలై 1 నుండి అది అమలులోనికి వచ్చెను. ఆ యేటి అక్టోబరులో సుప్రీంకోర్టున దాఖలు చేసిన ప్రమాణపత్రములో, భార్య సమ్మతిని ఉల్లంఘించు హక్కు భర్తకు లేదని యొప్పుకొనుచునే, దానిని బలాత్కారనేరమనుట మిక్కిలి కఠినమనియు, ఇతర చట్టములు చాలుననియు కేంద్రము వాదించెను.

ఈ వాదము మాకు సమ్మతము కాదు. సమ్మతి లేనిచోట నేరమున్నదని యొప్పుకొని, నేరగాడు భర్తయైనంతనే దాని పేరు మార్చుట న్యాయము కాదని మా తలంపు. అయినను 2024 నాటి ఈ ప్రమాణపత్రమును 2022 నాటి గడువు ప్రార్థనకంటె మేలైనదిగ నెన్నుచున్నాము. వ్రాతమూలముగ చెప్పిన కారణమును ఖండింపవచ్చును. గడువు ప్రార్థనను ఏమని ఖండింతుము? 1860 నాటి శాసనము పరాయి దొరతనము చేసినదని తప్పించుకొనుటకు నిన్నటివఱకు వీలుండెను. 2023లో మన ప్రతినిధులే తిరిగి వ్రాసిన పిమ్మట ఆ వీలు పోయినది. ఇక మంచిచెడ్డల భారమంతయు మనదే.

సమర్థించుట విధియన్నంతమాత్రమున ఎట్లు సమర్థించినను చెల్లునని కాదు. 2017లో పదునెనిమిదేండ్లు నిండని భార్య విషయమున కేంద్రము చెప్పిన కారణము చూడుడు. దేశమున 2 కోట్ల 30 లక్షల మంది బాలవధువులున్నారనియు, కావున వారి భర్తలకు రక్షణ తీసివేయరాదనియు వాదించెను. బాల్యవివాహమును నిషేధించు శాసనము 1929 నుండియు దేశమున నున్నది. ఒక శాసనము ఇన్ని కోట్లసార్లు ఉల్లంఘింపబడినది కావున ఉల్లంఘించినవారిని కాపాడు వేఱొక శాసనమును నిలుపవలెనట! కంచెయే చేను మేసిన చందము కాదా యిది? సుప్రీంకోర్టు ఆ యేటి అక్టోబరు 11వ తేదీన ఈ వాదమును త్రోసిపుచ్చెను. ప్రభుత్వ న్యాయవాది కారణము చెప్పవలెను. కారణము దొరకనిచో దొరకలేదని యొప్పుకొనవలెను. సిగ్గుచేటైన మాటతో శాసనమును కాచుటకంటె అది పడిపోవుటయే శాసనమునకు గౌరవము.

ఇంకొక మాట. కోర్టులో నిలిచిన శాసనమెల్ల మంచి శాసనము కాదు. ఇంటికి రానొల్లని భార్యనో భర్తనో కోర్టు ఉత్తరువుతో కాపురమునకు పిలిపించు పద్ధతి ఇంగ్లండు మతన్యాయస్థానములనుండి మనకు దిగుమతియైనది. 1955 నాటి హిందూ వివాహశాసనపు 9వ సెక్షనున అది చోటు చేసికొన్నది. ఇంగ్లండు 1970లో దానిని విడిచిపెట్టినది. కడప సబుకోర్టునుండి వచ్చిన వ్యాజ్యమున మన హైకోర్టు న్యాయమూర్తి పి. ఏ. చౌదరిగారు 1983లో, ఆ సెక్షను స్త్రీ గౌరవమునకును ఏకాంతమునకును భంగకరమని కొట్టివేసిరి. మరుసటి సంవత్సరమే సుప్రీంకోర్టు, వేఱొక వ్యాజ్యమున, ఆ తీర్పు సరికాదని సెక్షనును నిలిపెను. 2019లో అది మరల సుప్రీంకోర్టున ఆక్షేపణకు వచ్చెను. మధ్యనున్న ముప్పదియైదేండ్లలో పార్లమెంటు ఒక పుటతో సవరింపగలిగియుండెను. పరాయివారు పాఱవైచిన పాతగుడ్డను మనము పెట్టెలో భద్రపఱచుకొంటిమి. న్యాయవాది శాసనమును గెలిపించినపుడు ప్రభుత్వమునకు లభించునది విశ్రాంతి కాదు. అది మంచిదా యని విచారించుటకు మఱికొంత కాలము మాత్రమే.

2023లో హైదరాబాదు వాస్తవ్యులైన యిరువురును మఱికొందఱును తమ వివాహమును ప్రత్యేక వివాహశాసనము క్రింద గుర్తింపవలెనని కోరినపుడు, ఇది పార్లమెంటు పని, కోర్టు పని కాదని కేంద్రము గట్టిగ వాదించెను. అక్టోబరు 17వ తేదీన సుప్రీంకోర్టు ఆ మాటకు చాలవఱకు సమ్మతించి, ఆ దంపతుల యిక్కట్టులను విచారించుటకు కేబినెటు కార్యదర్శి యధ్యక్షతన సంఘము నేర్పఱతుమని ప్రభుత్వ మిచ్చిన మాటను తీర్పున చేర్చెను. 2024 ఏప్రిలులో సంఘ మేర్పడెను. మేము చెప్పునది యింతే: “ఇది పార్లమెంటు పని” అని కోర్టులో చెప్పి గెలిచిన ప్రభుత్వము ఆ పనిని పార్లమెంటు నెదుటికి తెచ్చుటకు బద్ధమగును. గడప దాటనీయక కోర్టును ఆపి, ఆ వాకిటనే తానును కూర్చుండుట తగదు.

కావున ప్రభుత్వము ఈ విషయమున కొన్ని నియమములను వ్రాతమూలముగ ప్రకటించుకొనవలెనని మేము కోరుచున్నాము. మర్యాదగల కారణ మొక్కటి యున్నంతవఱకు శాసనమును సమర్థింపవలెను. అట్టి కారణము లేదని అటార్నీ జనరలు తలచినచో, ఆ యభిప్రాయమును పార్లమెంటునకు ముందుగ తెలుపవలెను. శాసనపక్షమున వాదించుటకు వేఱొక న్యాయవాదిని నియమింపుమని కోర్టును కోరవలెను. తీర్పు వచ్చువఱకు శాసనమును అమలు జరుపవలెను. ఒక శాఖ ఒకటియు వేఱొక శాఖ వేఱొకటియు చెప్పరాదు. “కోర్టువారి చిత్తము” అను మాటను ప్రభుత్వ న్యాయవాది నోట వినబడనీయరాదు. శాసనము అన్యాయమని మంత్రివర్గమే నమ్మినచో పార్లమెంటున సవరణబిల్లు తెచ్చుటకు దానికి అడ్డేమున్నది?

వాయిదానుండి వాయిదాకు తిరుగుచున్న స్త్రీకి, దంపతులుగ గుర్తింపబడక బ్యాంకులోను ఆసుపత్రిలోను పరాయివారుగ నిలుచున్న యిరువురికి, ప్రభుత్వము తమ పక్షమో కాదో తెలిసికొను హక్కు కలదు. కాదన్నచో ఎందుకు కాదో వినవలెను. విని ప్రత్యుత్తర మీయవలెను. శాసనములు చేయుదుమని మన యోట్లు పుచ్చుకొన్నవారు, ఆ శాసనములను గూర్చి కోర్టు అడిగినపుడు తల వంచుకొనుట మనకు తలవంపు. సమర్థింపుడు, లేదా సవరింపుడు. ఏది చేసినను ఎల్లరు వినునట్లు చెప్పి చేయుడు.